బ్రిటన్ రాజకీయ చరిత్రకారుని జీవితాన్నీ కృషినీ రాయడం ఎలా?

చరిత్ర రచన గురించి చెప్పే హిస్టోరియోగ్రఫీ పాఠంలో చరిత్రకారుల పేర్లు వరుసగా వస్తాయి. ఒక్కొక్కరికి రెండు పేరాలు, పుట్టిన సంవత్సరం, ముఖ్య గ్రంథం, బిరుదులాంటి ఒక వాక్యం దక్కుతాయి. పరీక్ష ముగిసేవరకు అవి గుర్తుంటాయి. కాకతీయ విశ్వవిద్యాలయంలో ప్రాజెక్టు కోసమో, హనుమకొండలోని ఏదైనా కళాశాలలో సెమినారు పత్రం కోసమో అలాంటి ఒక చరిత్రకారుణ్ణి ఎంచుకొని ముప్పై నలభై పేజీలు రాయవలసి వచ్చినప్పుడు ఆ రెండు పేరాలు ఎటూ చాలవు. అప్పుడు చాలామంది పుట్టుక, చదువు, ఉద్యోగాలు, గ్రంథాలు, సన్మానాలు, మరణం అని అధ్యాయాలు విడగొట్టి, షష్టిపూర్తి సంచికల పద్ధతిలో వాటిని మెచ్చుకోళ్లతో నింపేస్తారు. అది చదివినవారికి ఆ మనిషి గొప్పవాడని తెలుస్తుందే తప్ప, ఎందుకు గొప్పవాడో, ఆ గొప్పతనాన్ని ఎవరు ఒప్పుకోలేదో తెలియదు.

విశ్వవిద్యాలయ ఆచార్యుని జీవితంలో ఉద్యమాలూ జైలు గోడలూ సాధారణంగా ఉండవు. ఆయన జీవితంలో జరిగే అసలు సంఘటన, పాత కాగితాలను ఆయన అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టింది, జవాబు కోసం ఆయన ఏ కట్టలు విప్పాడు, అంతకాలం ఇల్లు గడవడానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, చివరకు దొరికిన జవాబు ఎవరికి రుచించలేదు అన్నవి రాబట్టగలిగితే మిగిలిన వివరాలన్నీ వాటి చుట్టూ వాటంతటవే కుదురుకుంటాయి. ఈ పని ఎలా చేయాలో లూయిస్ నేమియర్ అనే చరిత్రకారుణ్ణి ఉదాహరణగా తీసుకొని వివరిస్తాను. 18వ శతాబ్దపు బ్రిటిష్ పార్లమెంటు గురించి ఆయన చెప్పినదాన్ని ఒప్పుకున్నవారూ కాదన్నవారూ కూడా ఆయనను తప్పించుకొని రాయలేకపోయారు.

ఎవరిని ఎంచుకోవాలి

మొదటి నిర్ణయమే సగం పనిని తేలికో కష్టమో చేస్తుంది. జీవించి ఉన్న చరిత్రకారుణ్ణి ఎంచుకుంటే ఇంటర్వ్యూ దొరకవచ్చునన్న ఆశ ఉంటుంది గానీ, ఆయన ఉత్తరాలు ఇంకా ఏ గ్రంథాలయానికీ చేరి ఉండవు, సహచరులు మనసు విప్పి మాట్లాడరు, విమర్శ రాయడానికి మనకూ చెయ్యి ఆడదు. మరణించి కనీసం ఇరవై ముప్పై ఏళ్లయిన వ్యక్తి అయితే ఈ చిక్కులు తగ్గుతాయి. రెండవది, ఆయన ముఖ్య గ్రంథం వరంగల్‌లో కూర్చొని చదవగలిగేలా ఉండాలి; లండన్‌లో తప్ప దొరకని పుస్తకం మీద ప్రాజెక్టు పెట్టుకోవడం సాహసం కాదు, తెలివితక్కువ. మూడవది, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది, ఆయన చుట్టూ ఒక వివాదం ఉండాలి. అందరూ తల ఊపిన చరిత్రకారుని మీద రాసే వ్యాసంలో చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

నేమియర్ ఈ మూడింటికీ సరిపోతాడు. 1960లో మరణించాడు, 1929 నాటి ముఖ్య గ్రంథం ఇంటర్నెట్ ద్వారా చదవడానికి దొరుకుతుంది, వివాదాలకైతే కొదవ లేదు.

తేదీల పట్టిక

ఒక తెల్ల కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి, ఎడమవైపు జీవితం, కుడివైపు రచనలు రాసుకోవాలి. నేమియర్ విషయంలో ఎడమవైపు ఇలా మొదలవుతుంది: 1888లో రష్యా ఏలుబడిలో ఉన్న పోలండ్‌లో, భూములున్న యూదు కుటుంబంలో జననం, 1908లో ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలలో ప్రవేశం, 1910లో పేరు మార్పు, 1913, 1914లలో అమెరికాలో ఉద్యోగం, మొదటి ప్రపంచ యుద్ధం రాగానే సైన్యంలో చేరిక, ఆ తర్వాత విదేశాంగ శాఖలో 1920 వరకు పని, మళ్లీ బేలియల్‌లో కొద్దికాలం బోధన, తర్వాత మధ్య ఐరోపాలో వ్యాపారం. కుడివైపున చూస్తే 1929 దాకా, ఆయన పేరు నిలబెట్టిన 18వ శతాబ్దపు పరిశోధనకు సంబంధించి, దాదాపు ఖాళీయే కనిపిస్తుంది.

ఆ ఖాళీ దగ్గర ఆగాలి. ఎక్కువమంది విద్యార్థులు ‘సుదీర్ఘ పరిశోధన అనంతరం’ అన్న రెండు మాటలతో దాన్ని దాటేస్తారు. పరిశోధన మొదలుపెట్టినప్పుడు పాతికేళ్ల వయసులో ఉన్న మనిషి గ్రంథం వెలువడేనాటికి నలభై దాటాడు. ఈ మధ్యకాలంలో ఆయనకు స్థిరమైన విశ్వవిద్యాలయ ఉద్యోగం లేదు, తండ్రి ఆస్తి దక్కలేదు, వ్యాపారంలో కూడబెట్టిన సొమ్ము, స్నేహితుల అప్పులు, పరిశోధన గ్రాంట్లు కలిపి నెట్టుకొచ్చాడు. ఫెలోషిప్ సకాలంలో రాక, కాంట్రాక్టు కొలువులో పాఠాలు చెప్పుకుంటూ థీసిస్ పూర్తిచేసే మన పరిశోధక విద్యార్థికి ఈ భాగం వేరే ఎవరో వివరించనక్కరలేదు. చరిత్రకారుని కెరీర్ రాసేటప్పుడు జీతం, అద్దె, గ్రాంటు అన్నవి అప్రధాన విషయాలు కావు. ఏ ప్రశ్నను ఎంతకాలం పట్టుకొని కూర్చోగలడో నిర్ణయించేవి అవే.

పట్టికలో మిగిలినది త్వరగా నిండుతుంది. 1929 నుంచి 1931 వరకు, పాలస్తీనాలో యూదుల స్థిరనివాసం కోసం పనిచేసిన జ్యూయిష్ ఏజెన్సీలో రాజకీయ కార్యదర్శి, 1931 నుంచి 1953 వరకు మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, 1947లో రెండో వివాహం, 1952లో నైట్ బిరుదు, 1960 ఆగస్టులో మరణం. ఆయన నడిపించిన పార్లమెంటు చరిత్ర సంపుటాలు 1964లో, అంటే ఆయన పోయాక, సహ సంపాదకుడు జాన్ బ్రూక్ చేతుల మీదుగా వెలువడ్డాయి.

జీవితచరిత్రకంటే ముందు గ్రంథం

ఈ దశలో ఇతరులు రాసిన జీవితచరిత్ర తెరవాలన్న కోరిక బలంగా కలుగుతుంది. దాన్ని పక్కన పెట్టి, చరిత్రకారుడు తానే రాసిన ముఖ్య గ్రంథాన్ని ముందుగా చదవాలి. ఇతరుల తీర్పు తలలో పెట్టుకొని మూలాన్ని చదివితే ఆ తీర్పుకు సరిపోయే వాక్యాలే కంటికి ఆనుతాయి.

నేమియర్ 1929 గ్రంథం మూడో జార్జ్ 1760లో సింహాసనం ఎక్కేనాటికి ఇంగ్లండ్ రాజకీయాల కట్టడం ఎలా ఉందో వివరిస్తుంది. అంతకుముందు ప్రచారంలో ఉన్న కథ సూటిగా ఉండేది: ఒకవైపు స్వేచ్ఛను కాపాడే విగ్ పార్టీ, మరోవైపు పార్లమెంటును లంచాలతో లొంగదీసి రాజరికాన్ని బలపరచాలనుకునే యువకుడైన రాజు, వీరి మధ్య సిద్ధాంత పోరాటం. నేమియర్ ఆ కథను ఎదురువాదంతో ఖండించలేదు. 1761 ఎన్నికల్లో నెగ్గిన సభ్యులు ఎవరు, ఎవరి కొడుకులు, ఎవరి అల్లుళ్లు, సీటు ఎవరి చేతిలో ఉంది, సభకు ఎందుకొచ్చారు అని ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాడు. 558 మంది సభ్యులున్న సభలో కొందరు కుటుంబ మర్యాదగా వచ్చారు, కొందరు సైన్యంలో పదోన్నతి కోసం, కొందరు సర్కారు కాంట్రాక్టుల కోసం, కొందరు అరెస్టు తప్పించుకోవడం కోసం వచ్చారు. ఊరే మిగలని ఓల్డ్ సేరమ్ అనే దిబ్బ కూడా ఇద్దరు సభ్యులను పంపేది. 1832 సంస్కరణ చట్టం వచ్చేవరకు అది కొనసాగింది. ఇన్ని రకాల అవసరాలతో వచ్చినవారిని నేటి అర్థంలో రెండు పార్టీలుగా విడగొట్టడం కుదరదన్నది ఆయన తేల్చిన విషయం.

గ్రంథాన్ని చదువుతున్నప్పుడు, ఆయన ఏమన్నాడో రాసుకోవడంతో పాటు, ఆ మాట ఏ కాగితం ఆధారంగా అన్నాడో కూడా పక్కనే రాసుకోవాలి. నేమియర్‌కు పెద్ద ఆధారం న్యూకాజిల్ డ్యూక్ కాగితాలు. పదుల ఏళ్లు మంత్రిగా ఉండి, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ దాచుకున్న ఆ డ్యూక్ దస్త్రాలు అప్పట్లో బ్రిటిష్ మ్యూజియంలో ఉండేవి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలోని రహస్య నిధి లెక్కలను నేమియర్ పద్దు పద్దుగా చూశాడు. సభను కొనేయడానికి సరిపడే మొత్తాలు అక్కడ కనిపించలేదు. చితికిపోయిన పెద్దింటివారికి, పాత సేవకులకు ఇచ్చిన పింఛన్లలాంటి చిన్న మొత్తాలు మాత్రం చాలానే కనిపించాయి. పార్లమెంటు అంతా లంచాలమయమన్న పాత కథ ఆ లెక్కల ముందు నిలబడలేదు. ఇలాంటి ఒక్క ఘట్టాన్ని మూడు నాలుగు పేజీల్లో విప్పి చెబితే చాలు, ‘నిశిత పరిశీలన’, ‘అపార పాండిత్యం’ వంటి మాటలు వాడవలసిన అవసరం ఉండదు.

తెలంగాణ పాఠకుడికి ఇక్కడ ఒక అనుకూలత ఉంది, దాన్ని నిస్సంకోచంగా వాడుకోవచ్చు. జనగామ ప్రాంతపు దేశ్‌ముఖుల గురించి చదివినవారికి, విన్నవారికి, ఒక కుటుంబం మాట చుట్టుపక్కల ఊళ్లన్నింటిలో ఎలా చెల్లుతుందో తెలుసు. పార్టీ పేరు మారినా నియోజకవర్గంలో అవే ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ కనిపించడం మనకు వింత కాదు. కాబట్టి నేమియర్ చూపిన సభ మన విద్యార్థికి సులువుగానే అర్థమవుతుంది. అయితే ఈ పోలికను అవగాహనకు వాడుకోవాలి గానీ వ్యాసంలో వాదనగా నిలబెట్టకూడదు; దేశ్‌ముఖీ రెవెన్యూ వ్యవస్థలోంచి పుట్టింది, ఇంగ్లండ్ బరోల (సభ్యులను పంపే పట్టణ నియోజకవర్గాల) పెత్తనం ఓటు హక్కు నిబంధనల్లోంచి పుట్టింది.

ఒక సభ్యుని పుటను దగ్గరగా చూడడం

నేమియర్ పద్ధతి పట్టుబడాలంటే ఆయన ప్రణాళిక ప్రకారం తయారైన ఒక పుటను పూర్తిగా చదవడం కంటే మంచి మార్గం లేదు. హిస్టరీ ఆఫ్ పార్లమెంట్ సంస్థ తన సంపుటాలను వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచింది. 1754 నుంచి 1790 వరకు ఉన్న విభాగం తెరిచి, సర్ థామస్ రంబోల్డ్ పేరు వెతకమని నా సలహా. కారణం ఏమిటంటే, ఈయన 1778 నుంచి 1780 వరకు మద్రాసు గవర్నరు. ఉత్తర సర్కారుల జమీందార్లను మద్రాసుకు పిలిపించి కిస్తుల బేరాలు కుదిర్చినవాడు, గుంటూరు వ్యవహారంలో నిజాం అలీ ఖాన్‌కు ఆగ్రహం తెప్పించినవాడు. అటు కోస్తా తెలుగువారి బతుకులతోనూ, ఇటు హైదరాబాదు దర్బారుతోనూ ముడిపడిన మనిషి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుల జాబితాలో ఎలా తేలాడో చూడడం మనకు సహజంగానే ఆసక్తి కలిగిస్తుంది.

ఆ పుటలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. పైన నియోజకవర్గాలు, సంవత్సరాలు; కింద పుట్టుక, తల్లిదండ్రులు, చదువు, వివాహం, నిర్వహించిన పదవులు; ఆ తర్వాత సభలో నడవడికను చెప్పే కథనం. రంబోల్డ్ కుర్రతనంలోనే ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, ప్లాసీ యుద్ధంలో క్లైవ్ వెంట ఉండి, డబ్బు సంపాదించి స్వదేశం వచ్చాక సీటు వెతుక్కున్నాడు. 1770లో న్యూ షోర్‌హామ్ అనే చిన్న ఓడరేవు ఊరి ఉప ఎన్నికలో ఆయన పోటీ చేసినప్పుడు, అక్కడి ఓటర్లలో చాలామంది ‘క్రిస్టియన్ సొసైటీ’ అనే ధర్మసంఘం పేరుతో ఒక కట్టుగా ఉండి, ఓట్లను గంపగుత్తగా అమ్ముతున్నారన్న సంగతి బయటపడింది. మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం చేసి, ఆ సంఘపు ఓటర్ల హక్కును రద్దు చేసి, చుట్టుపక్కల ప్రాంతపు భూయజమానులకు ఓటు కల్పించింది. ఓటుకు నోటు అన్నది మన నేల మీద పుట్టిన విద్య కాదని తెలిసి కొందరికి కొంత ఊరట కలగవచ్చు.

రంబోల్డ్ చిన్నప్పుడు లండన్‌లోని వైట్స్ క్లబ్బులో వడ్డన చేసేవాడన్న కథ కూడా ఒకటి ప్రచారంలో ఉండేది. కంపెనీ కొలువులో 1752లోనే చేరినవాడికి ఆ కథ పొసగదు. కొత్తగా డబ్బు సంపాదించి వచ్చినవారి మీద పాత కులీనులు ఇలాంటి మాటలు పుట్టించడం అక్కడా మామూలే. తేదీల పట్టిక ఉన్న విద్యార్థి ఈ రకం కట్టుకథను క్షణంలో పట్టుకోగలడు. నేమియర్ పద్ధతి బలం కూడా చాలావరకు అక్కడే ఉంది. తర్వాత ఈ రంబోల్డ్ మీద పార్లమెంటు విచారణ జరిపింది, శిక్షా బిల్లు కూడా పెట్టింది, చివరకు 1783లో అది నీరుగారిపోయింది.

రెండు మూడు పుటలు ఇలా చదివాక, తెరిచిన కాగితం మీద ఒక ప్రశ్న రాసుకోవాలి: ఈ అచ్చులో ఇమడనిది ఏమిటి? రంబోల్డ్ ఎవరి అల్లుడో, ఏ సీటు ఎలా సంపాదించాడో ఇక్కడ తెలుస్తుంది. పన్ను కట్టలేని రైతు సంగతి గానీ, భారతదేశాన్ని ఎలా పాలించాలన్న విషయంలో అప్పుడు సభలో నడిచిన ఆలోచనల తీవ్రత గానీ ఈ పుటలకు పట్టవు. ఈ గమనికే తర్వాత విమర్శ అధ్యాయానికి పునాది అవుతుంది.

హాన్సర్డ్ గురించి ఒక చిన్న హెచ్చరిక. పార్లమెంటు ప్రసంగాలు హాన్సర్డ్‌లో ఉంటాయని విన్న విద్యార్థి 1761 చర్చల కోసం అందులో వెతుకుతాడు. ఆ పరంపర 1803లో మొదలైంది. పూర్తి స్థాయి అధికారిక నివేదికగా మారినది 1909లో. 1771కి ముందు సభ చర్చలను పత్రికల్లో అచ్చువేయడమే నేరంగా చూసేవారు. అందుకే ఆ కాలం మీద పనిచేసినవారు ఉత్తరాలమీద అంతగా ఆధారపడ్డారు.

జీవితానికి సాక్షులు

ఇప్పుడు జీవితచరిత్రలు చదవవచ్చు. ముందుగా చూడవలసినది బ్రిటిష్ అకాడమీ తన దివంగత సభ్యుల గురించి అచ్చువేసే స్మారక వ్యాసం. ఇవి ఇరవై ముప్పై పేజీల నిడివితో, అదే రంగంలోని నిపుణుల చేత రాయించినవి. అకాడమీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేమియర్ గురించి రాసినది లూసీ సదర్లాండ్. బ్రిటన్ రాజకీయాల్లో ఈస్టిండియా కంపెనీ పాత్ర మీద పనిచేసిన చరిత్రకారిణి. స్నేహం, గౌరవం ఉన్నవారు రాసేవి కాబట్టి వీటిలో కఠినమైన మాటలు మెత్తటి వాక్యాల్లో చుట్టి ఉంటాయి. ‘సంభాషణలో ఎదుటివారికి అవకాశం తక్కువ’ అన్న తరహా వాక్యం కనబడితే, మనిషి గంటల తరబడి మాట్లాడి విసిగించేవాడని అర్థం చేసుకోవాలి. నేమియర్‌కు ఆ పేరు నిజంగానే ఉండేది.

1971లో ఆయన భార్య జూలియా రాసిన జీవితచరిత్ర వచ్చింది. చివరి సంవత్సరాల్లో ఆయన తన బాల్యం గురించి చెప్పినవాటిని ఆమె గ్రహించి రాశారు గనుక పోలండ్ రోజులకు అది విలువైనదే. అయితే ఆ మాటలు డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన మనిషి వెనక్కి తిరిగి చూసి చెప్పినవి. వాటిని నమోదు చేసినది ఆయనను అభిమానించిన మనిషి. 2019లో వెలువడిన పండిత జీవితచరిత్ర ఉత్తరాలను, దస్త్రాలను పోల్చి చూస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే సంఘటనను ఇద్దరూ ఎలా చెప్పారో ఒక్కచోటనైనా పరిశీలించి చూపితే ప్రాజెక్టు స్థాయి పెరుగుతుంది.

సాక్ష్యం విలువ కట్టడానికి మంచి ఉదాహరణ ఎ.జె.పి. టేలర్ అనే చరిత్రకారునితో నేమియర్ తెగదెంపులు. టేలర్ 1930లో మాంచెస్టర్‌లో అధ్యాపకుడిగా చేరాడు. మరుసటి ఏడాది వచ్చిన నేమియర్ ఆయనకు పెద్ద దిక్కయ్యాడు. 1957లో ఆక్స్‌ఫర్డ్‌లో రాజముద్రతో నియమించే రీజియస్ ఆచార్య పదవి ఖాళీ అయినప్పుడు సలహా అడిగినవారిలో నేమియర్ ఒకరు. పత్రికా రచన, టెలివిజన్ ప్రసంగాలు మానుకుంటే టేలర్ పేరు సిఫారసు చేస్తానని నేమియర్ అన్నాడని, టేలర్ ఒప్పుకోలేదని, పదవి హ్యూ ట్రెవర్ రోపర్‌కు దక్కిందని, ఆపై టేలర్ నేమియర్‌తో మాట్లాడడం మానేశాడని కథ. ఈ కథ ప్రధానంగా టేలర్ నోటినుంచి వచ్చినదే. ఆయన ఆత్మకథ 1983లో, నేమియర్ పోయిన ఇరవై మూడేళ్లకు వచ్చింది. మన విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్ పోస్టు రానివారు తర్వాత చెప్పే కథలను మనం ఎంత జాగ్రత్తగా వింటామో దీన్నీ అంత జాగ్రత్తగా వినాలి. ‘టేలర్ చెప్పిన ప్రకారం’ అన్న మాట వాక్యంలో తప్పనిసరిగా ఉండాలి.

పుట్టుకకూ సిద్ధాంతానికీ ముడివేయడం అన్నింటికంటే పెద్ద ఆకర్షణ, పెద్ద ప్రమాదం కూడా. పోలండ్‌లో పుట్టిన యూదుడు, భూములు పోగొట్టుకున్న ఇంటి బిడ్డ, ఇంగ్లండ్ భూస్వామ్య వర్గాన్ని ప్రేమించాడు కాబట్టి దాన్నే పరిశోధించాడు అని రాసేయడం చాలా తేలిక. ఫ్రాయిడ్ మనోవిశ్లేషణ మీద ఆయనకు గట్టి నమ్మకం ఉండేది గనుక ఆయన మీదే దాన్ని ప్రయోగించాలన్న సరదా కూడా పుడుతుంది. బయటినుంచి వచ్చినవాడికి లోపలివారు గమనించని బంధుత్వాలు కనబడతాయన్నంతవరకు నేను ఒప్పుకుంటాను. ఆదర్శాల మాటలు మనుషుల అసలు ప్రేరణలను కప్పిపెడతాయన్న ఆయన అనుమానానికి, మధ్య ఐరోపాలో జాతీయవాదం యూదులను ఏం చేసిందో దగ్గరగా చూడడం కారణమై ఉండవచ్చునన్నదీ ఊహకు అందేదే. కానీ అదే నేపథ్యం ఉన్న వందలమంది న్యూకాజిల్ కాగితాలు తెరవలేదు. నేపథ్యాన్ని ఒక్క అధ్యాయానికి పరిమితం చేసి, ప్రతిచోటా దాన్ని తెచ్చి తగిలించకుండా ఉండాలి.

విమర్శను ఎక్కడ పెట్టాలి

చివరి అధ్యాయంలో ‘పరిమితులు’ అని ఒక పేజీ చేర్చడం మన ప్రాజెక్టులకు ఆనవాయితీ. దానివల్ల విమర్శ మొక్కుబడిగా మారుతుంది. కేంబ్రిడ్జ్ చరిత్రకారుడు హెర్బర్ట్ బటర్‌ఫీల్డ్ 1957లో నేమియర్ పద్ధతిని ఎదుర్కొన్నాడు. మనుషుల బంధుత్వాలు, లాభనష్టాలు లెక్కించే పద్ధతిలో వాళ్ల ఆశయాలకూ ఆలోచనలకూ చోటు లేకుండా పోయిందన్నది ఆయన ఆరోపణ. ఈ ఆరోపణను గ్రంథం చర్చించిన అధ్యాయంలోనే పెట్టి, ఏ పుటలో అది సరిపోతుందో, ఏ పుటలో సరిపోదో చూపాలి. 1760ల సభకు సరిపోయిన పనిముట్టు 1640ల అంతర్యుద్ధానికీ 1790ల విప్లవకాలానికీ సరిపోతుందా అన్న ప్రశ్న కూడా అక్కడే వేయాలి. అలజడి లేని కాలాన్ని ఎంచుకున్నవాడికి ఆదర్శాలు తక్కువ కనబడడంలో ఆశ్చర్యం లేదన్నది నా అభిప్రాయం.

మన విద్యార్థులకు ఈ వివాదం భారత చరిత్ర పాఠంలో వేరే రూపంలో ఇదివరకే పరిచయం. జాతీయోద్యమాన్ని పదవుల కోసం, పలుకుబడి కోసం స్థానిక ముఠాలు చేసిన బేరంగా చూపిన కేంబ్రిడ్జ్ స్కూల్‌ను విమర్శించినవారు, అది నేమియర్ దారిని భారతదేశానికి తెచ్చిందని అన్నారు. తపన్ రాయ్‌చౌధురి 1979లో రాసిన సమీక్ష ఈ విమర్శల్లో పేరెన్నిక గన్నది. ఈ ముడిని రెండు మూడు పేజీల్లో విప్పితే, వరంగల్ విద్యార్థి బ్రిటన్ చరిత్రకారుని మీద ఎందుకు రాస్తున్నాడని వైవాలో వచ్చే ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది.

ఒంటరి మేధావి బొమ్మ

చరిత్రకారుణ్ణి ఒంటరిగా దీపం ముందు కూర్చోబెట్టే వర్ణన మానేయాలి. పార్లమెంటు చరిత్ర ప్రణాళికను మొదట తలపెట్టినవాడు జోసయా వెడ్జ్‌వుడ్ అనే పార్లమెంటు సభ్యుడు. అది 1951లో ట్రెజరీ (ప్రభుత్వ ఖజానా) నిధులతో మళ్లీ ఊపిరి పోసుకుంది. నేమియర్ చేతికింద సహాయకుల బృందం పనిచేసింది, ఒక్కొక్కరూ వందలకొద్దీ సభ్యుల కాగితాలు వెతికారు. ముందుమాటల్లో, కృతజ్ఞతల్లో ఉన్న పేర్లన్నీ రాసుకుంటే ఆ పని ఎవరెవరి రెక్కల కష్టమో బయటపడుతుంది. అలాగే మాంచెస్టర్‌లో ఇరవై రెండేళ్ల బోధన ఎలా సాగింది, ఎంతో కోరుకున్న ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవి ఎందుకు రాలేదు అన్నవీ కెరీర్‌లో భాగాలే.

వరంగల్‌లో ఉండి పుస్తకాలు సంపాదించడం

ముందుగా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నవి చూడాలి. జర్నళ్ల డేటాబేసులకు విశ్వవిద్యాలయం ద్వారా ప్రవేశం ఉందేమో లైబ్రేరియన్‌ను అడగాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచిత ఖాతా తెరిస్తే చాలా పాత పుస్తకాలు గంటల లెక్కన అరువుకు దొరుకుతాయి. బ్రిటన్ జాతీయ జీవితచరిత్ర కోశం కొత్త కూర్పు చందాదారులకే లభిస్తుంది గానీ, విక్టోరియా కాలపు పాత కూర్పు ఉచితం. రంబోల్డ్ వంటివారికి అది చాలు. మిగిలినవాటికి కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు వెళ్లి, ఉస్మానియా, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు చూడాలి. గైడు సంతకంతో పరిచయ లేఖ తీసుకొని వెళ్లడం, వెళ్లేముందే కేటలాగులో పుస్తకం ఉందో లేదో చూసుకోవడం మరవకూడదు.

నేమియర్ కాగితాల్లో ఒక భాగం మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఉంది. విదేశీ గ్రంథాలయానికి మెయిలు రాయడానికి మన విద్యార్థులు అనవసరంగా జంకుతారు. ఎవరు, ఏ విశ్వవిద్యాలయం, ఏ విషయం, కేటలాగులో ఏ సంఖ్య గల కట్ట, అందులో ఏ ఉత్తరం కావాలి అన్నవి ఐదారు వాక్యాల్లో రాస్తే సమాధానం సాధారణంగా వస్తుంది. ‘నేమియర్ గారి గురించి ఉన్న సమాచారమంతా పంపగలరు’ అని రాస్తే మర్యాదగా కేటలాగు లింకు పంపి ఊరుకుంటారు. స్కానింగుకు రుసుము ఉంటుంది గనుక ఒకటి రెండు ఉత్తరాలకు మించి అడగకపోవడం మంచిది.

రాతకు కూర్చున్నప్పుడు

పేర్ల ఉచ్చారణను మొదటే ఖాయం చేసుకొని చివరిదాకా ఒకే రకంగా రాయాలి; ఒక పేజీలో నేమియర్, మరో పేజీలో నామియర్ అని ఉంటే పరీక్షకుని చూపు అక్కడే చిక్కుకుంటుంది. బిరుదులూ జాగ్రత్త కోరుతాయి: 1929 గ్రంథం రాసినప్పుడు ఆయన ‘సర్’ కాదు. సంవత్సరాలను వాక్యంలో ఇమిడ్చి రాయాలి గానీ పట్టికను యథాతథంగా పేజీల్లోకి దించకూడదు.

మొదటి అధ్యాయాన్ని పుట్టుకతో మొదలుపెట్టవలసిన నియమమేమీ లేదు. న్యూకాజిల్ లెక్కల పుస్తకంలోని ఒక పద్దుతోనో, న్యూ షోర్‌హామ్ ఎన్నికతోనో మొదలుపెట్టి, ఇలాంటి చిల్లర వివరాలతో ఒక మనిషి దేశచరిత్రను ఎందుకు తిరగరాయాలనుకున్నాడని అడిగి, ఆ తర్వాత పోలండ్‌కు వెళ్లవచ్చు. మొత్తం నిడివిలో సగమైనా గ్రంథానికీ దాని ఆధారాలకూ కేటాయించాలి; వివాహాలు, బిరుదులు, అలవాట్లు కలిపి ఆరేడు పేజీలు దాటకూడదు.

చివరి అధ్యాయానికి ముందు ఒక అభ్యాసం చేసిచూడమని కోరతాను. 1952లో ఏర్పడిన హైదరాబాదు శాసనసభలో 175 స్థానాలుండేవి. వాటిలో అప్పటి వరంగల్ జిల్లా సభ్యులను మాత్రం తీసుకొని, నేమియర్ అచ్చులోనే ఒక్కొక్కరికి ఒక పుట తయారుచేయాలి: ఊరు, కుటుంబం, భూమి, చదువు, జైలు జీవితం, పార్టీ, బంధుత్వాలు, ఓట్లు. ఎన్నికల సంఘం గణాంక నివేదిక, నాటి పత్రికలు, ఊళ్లలో పెద్దల మాటలు ఆధారాలవుతాయి. సాయుధ పోరాటం అప్పుడే విరమించిన నేల మీద, ఆ పోరాటంలోంచి వచ్చిన అభ్యర్థులు నిలబడిన ఎన్నికలో, కుటుంబమూ భూమీ ఎంతవరకు వివరణ ఇస్తాయో, ఎక్కడ ఆ గడులు చాలక సిద్ధాంతం కోసం అదనంగా ఒక గడి గీయవలసి వస్తుందో ఆ పుటలు నింపుతున్నప్పుడే తేలుతుంది. వాటిని అనుబంధంగా జతచేసి, నేమియర్ మీద తుది అధ్యాయాన్ని ఆ తర్వాతే రాయాలి.